వియత్నాంలో స్కూటర్ అద్దెకు తీసుకుంటే: మన ఐడీపీ ఎందుకు చెల్లదు, జరిమానా ఎంత, అసలు ప్రమాదం ఎక్కడ

హైదరాబాద్ నుంచి వియత్నాంకు నేరుగా విమానాలు మొదలయ్యాక డా నాంగ్, హనోయ్, హో చి మిన్ సిటీ తిరిగొచ్చేవాళ్లు మన చుట్టాల్లో, ఆఫీసుల్లో బాగా పెరిగారు. వెళ్లబోయేవాళ్ల నుంచి వచ్చే ప్రశ్న మాత్రం ఒకటే. అక్కడ స్కూటర్ అద్దెకు తీసుకోవచ్చా, మన లైసెన్స్ చాలుతుందా? దీనికి ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతారు. ఒకాయన "ఉన్నన్నాళ్లూ తిరిగాం, ఎవడూ ఆపలేదు, టెన్షన్ పడకు" అంటాడు. ఇంకొకాయన తమ్ముడికి ఒక్క సిగ్నల్ దగ్గర పాతిక వేలు వదిలాయి. ఆర్టీఏ ఆఫీసుకెళ్లి ఐడీపీ (ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్) తీయించుకుంటే చాలని మూడో ఆయన, అది అక్కడ చిత్తుకాగితంతో సమానమని నాలుగో ఆయన.

చిత్రమేమిటంటే ఇందులో ముగ్గురు చెప్పింది నిజమే. తప్పు చెప్పింది మూడో ఆయన ఒక్కడే, అది కూడా థాయ్‌లాండ్ గురించి చెప్పి ఉంటే ఒప్పే అయ్యేది. ఈ గందరగోళం ఎక్కడ మొదలైందో చూడాలంటే ముందు ఐడీపీ సంగతి తేల్చుకోవాలి.

ఐడీపీ ఒకటి కాదు, రెండు

ఐడీపీ అంటే ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్. పేరు వింటే ప్రపంచమంతా చెల్లే లైసెన్స్ అనిపిస్తుంది గానీ అది సొంతంగా లైసెన్సే కాదు. మన దగ్గరున్న లైసెన్స్‌లో ఏముందో పలు భాషల్లో చెప్పే చిన్న పుస్తకం మాత్రమే. అసలు లైసెన్స్ కార్డు పక్కన లేకపోతే దానికి విలువ లేదు.

ఈ పుస్తకాన్ని ఒక దేశం ఇస్తే ఇంకో దేశం ఎందుకు ఒప్పుకోవాలి? రెండూ ఒకే ఒప్పందంలో సభ్యులు కాబట్టి. చిక్కంతా ఇక్కడే ఉంది, ఎందుకంటే రోడ్డు రవాణా మీద వాడుకలో ఉన్న పెద్ద ఒప్పందాలు రెండు. ఒకటి 1949లో జెనీవాలో కుదిరింది, రెండోది 1968లో వియన్నాలో. కొన్ని దేశాలు మొదటి దాంట్లోనే ఉన్నాయి, కొన్ని రెండో దాంట్లోనే, కొన్ని రెండింట్లోనూ.

భారత్ 1949 జెనీవా ఒప్పందంలో ఉంది, 1968 నాటి రోడ్డు రవాణా ఒప్పందంలో లేదు. కాబట్టి తెలంగాణ, ఆంధ్ర రవాణా శాఖలు వెయ్యి రూపాయల పైచిలుకు ఫీజు తీసుకుని ఇచ్చే ఐడీపీ 1949 రకం, ఏడాది పాటు చెల్లుతుంది. వియత్నాం 2014లో 1968 ఒప్పందంలో చేరింది, ఆ ఒప్పందం కింద ఇచ్చిన ఐడీపీనే ఒప్పుకుంటుంది. థాయ్‌లాండ్ రెండింట్లోనూ ఉంది. అందుకే ఒకే పుస్తకం పట్టుకెళ్లినవాడు ఫుకెట్‌లో దర్జాగా తిరిగి, అటు నుంచి అటే డా నాంగ్‌లో దిగేసరికి లైసెన్స్ లేనివాడై కూర్చుంటాడు. మనిషి అదే, పుస్తకం అదే, దాని మీద ముద్ర కూడా అదే.

మన ఐడీపీ దొంగది కాదు, పనికిరానిదీ కాదు. వియత్నాం చట్టం దృష్టిలో అది లేనట్టే, అంతే తేడా. ఈ తేడా పట్టించుకోకుండానే చాలామంది "నాకు ఇంటర్నేషనల్ ఉంది" అని బయల్దేరతారు. పైగా ఆన్‌లైన్‌లో పదేళ్లు, ఇరవయ్యేళ్లు చెల్లుతుందంటూ "ఇంటర్నేషనల్ లైసెన్స్" అమ్మే సైట్లు ఉన్నాయి. ఏ దేశ లైసెన్స్ మీద ఐడీపీ కావాలో ఆ దేశంలో అధికారమున్న సంస్థే దాన్ని ఇవ్వాలి. 1949 రకానికి ఏడాది, 1968 రకానికి ఎక్కువలో ఎక్కువ మూడేళ్లు గడువు. అంతకు మించి రాసి ఉందంటే ఆ కాగితం ఎక్కడా చెల్లదన్నమాట.

ఒకే ఇంట్లో ముగ్గురు అన్నదమ్ములు

ఇప్పుడు మన ఇళ్లలో మామూలే అయిన ఒక పరిస్థితి తీసుకుందాం. అన్న హైదరాబాద్‌లో, తమ్ముడు డల్లాస్‌లో, చిన్నోడు ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉంటారు. సెలవులకి ముగ్గురూ కుటుంబాలతో డా నాంగ్‌లో కలుసుకున్నారు. బీచ్ పక్క షాపులో మూడు స్కూటర్లు అడిగారు.

అన్నకి మన లైసెన్స్ ఉంది, దాని మీద గేర్ ఉన్న మోటార్‌సైకిల్ అని స్పష్టంగా ఉంది, ఇరవయ్యేళ్లుగా బండి నడుపుతున్నాడు. ఐడీపీ 1949 రకం కాబట్టి చెల్లదు. డల్లాస్ తమ్ముడిదీ అదే కథ, అమెరికా కూడా 1949 ఒప్పందమే పట్టుకుంది. ఆస్ట్రేలియా నుంచి వచ్చేవాళ్లకీ ఇదే ఇబ్బంది.

ఫ్రాంక్‌ఫర్ట్ చిన్నోడు మాత్రం సేఫ్ అనుకుంటాం. జర్మనీ 1968 ఒప్పందంలో ఉంది, అతని ఐడీపీ వియత్నాంలో చెల్లుతుంది. కానీ లోపల పేజీ తిప్పి చూస్తే ముద్ర ఉన్నది "బి" గడిలో, అంటే కారుకి. మోటార్‌సైకిల్‌కి "ఎ" గడిలో ఉండాలి. జర్మనీలో అతను కారు టెస్టు మాత్రమే పాసయ్యాడు, బైక్ జోలికి పోలేదు. కాబట్టి 125 సీసీ స్కూటర్ విషయంలో అతనికీ లైసెన్స్ లేనట్టే. ముగ్గురిలో చట్టప్రకారం నడపగలిగినవాడు ఒక్కడూ లేడు, బాగా నడపడం వచ్చిన అన్నతో సహా.

గల్ఫ్‌లో ఉన్న మనవాళ్లకీ ఈ రెండో మెలికే తగులుతుంది. యూఏఈ, కువైట్, ఖతార్, సౌదీ 1968 ఒప్పందంలో ఉన్నాయి. కానీ అక్కడ లైట్ వెహికల్ లైసెన్స్ తీసుకున్నవాళ్లే ఎక్కువ, మోటార్‌సైకిల్ లైసెన్స్ వేరే తీసుకోవాలి. డెలివరీ పనిచేసేవాళ్ల దగ్గర ఉంటుంది, ఆఫీసు ఉద్యోగి దగ్గర అరుదు.

చిన్న బండికి మినహాయింపు ఉందంటారు, ఎంతవరకు నిజం?

నిజమే, ఉంది. 50 సీసీ లోపు ఇంజిన్ లేదా 4 కిలోవాట్ల లోపు ఎలక్ట్రిక్ మోటార్ ఉన్న బండికి వియత్నాంలో లైసెన్స్ అక్కర్లేదు, పదహారేళ్లు నిండితే చాలు. అక్కడ స్కూలు పిల్లలు యూనిఫాంలోనే బండ్ల మీద పోతుండటానికి కారణం ఇదే.

అయితే ఇంకో షరతు కూడా ఉంది, షాపువాళ్లు చెప్పేటప్పుడు ఇది జారిపోతుంది. ఆ బండి డిజైన్ వేగం గంటకు 50 కిలోమీటర్లు దాటకూడదు. మోటార్ రెండు కిలోవాట్లే అయినా 70 వేగం అందుకునే ఎలక్ట్రిక్ స్కూటర్ ఈ మినహాయింపులోకి రాదు, చట్టం దాన్ని మోటార్‌సైకిల్ కిందే లెక్కేస్తుంది. బండి చిన్నదైనా హెల్మెట్, సిగ్నల్, మద్యం నిబంధనలన్నీ పెద్ద బండితో సమానంగా వర్తిస్తాయి. సముద్రం ఒడ్డున అటూ ఇటూ తిరగడానికి ఇవి బానే ఉంటాయి గానీ ఇద్దరు పెద్దవాళ్లు, ఒక బ్యాగు వేసుకుని హై వాన్ కనుమ ఎక్కాలంటే కష్టం. అందుకే ఎక్కువమంది 110, 125 సీసీ బండ్లే అడుగుతారు.

2025 నుంచి జరిమానాలు ఎందుకు ఇంత పెరిగాయి

2025 జనవరి 1న వియత్నాంలో కొత్త రోడ్డు భద్రత చట్టం అమల్లోకి వచ్చింది. దాంతోపాటే జరిమానాల చిట్టా లాంటి ప్రభుత్వ ఉత్తర్వు, డిక్రీ 168 కూడా వచ్చింది. పాత అనుభవాలు చెప్పేవాళ్లలో చాలామంది అంతకు ముందు వెళ్లొచ్చినవాళ్లే, అందుకే వాళ్ల లెక్కలు ఇప్పటివాటితో కలవవు.

అంకెలు చూసే ముందు రెండు విషయాలు. వియత్నాం డాంగ్‌లో సున్నాలు ఎక్కువ, 2025 మారకం ప్రకారం మన రూపాయికి సుమారు 300 డాంగ్ అనుకుంటే లెక్క తేలిక. ఇక అక్కడ జరిమానా ఒకే అంకెగా ఉండదు, ఇంత నుంచి ఇంత అని ఉంటుంది. తప్పును పెంచే, తగ్గించే కారణాలేవీ లేకపోతే మధ్య అంకె వేస్తారు. 40 లక్షల నుంచి 60 లక్షల డాంగ్ అని ఉంటే మామూలుగా పడేది 50 లక్షలు.

సిగ్నల్ జంప్‌కి బైక్ మీద ఇంతకు ముందు 8 నుంచి 10 లక్షల డాంగ్ ఉండేది. ఇప్పుడు 40 నుంచి 60 లక్షలు. మధ్య అంకె మన డబ్బుల్లో దాదాపు 16,700 రూపాయలు. రాంగ్ రూట్‌లో వెళ్లినా అంతే, ఫుట్‌పాత్ ఎక్కించినా అంతే, బైకులకు ప్రవేశం లేని ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కినా అంతే. మనం "కొంచెం దూరమేగా" అని రాంగ్‌లో వెళ్లే ఆ వంద మీటర్లు అక్కడ సిగ్నల్ జంప్‌తో సమానం.

వేగం విషయంలో మెట్లు ఉన్నాయి. పరిమితి కంటే 5 నుంచి 10 కిలోమీటర్లు ఎక్కువైతే 4 నుంచి 6 లక్షలు, 20 వరకు అయితే 8 నుంచి 10 లక్షలు, 20 దాటితే ఒక్కసారిగా 60 నుంచి 80 లక్షలు. నడుపుతూ ఫోన్ పట్టుకుంటే 8 నుంచి 10 లక్షలు. మ్యాప్ చూడటానికి ఒక చేత్తో ఫోన్ పట్టుకోవడం కూడా ఇందులోకే వస్తుంది, కొత్త ఊళ్లో అందరూ చేసేది ఇదే మరి.

హెల్మెట్ లేకపోతే 4 నుంచి 6 లక్షలు, అంటే పదహారు, పదిహేడు వందల రూపాయలు. పెట్టుకుని కింద పట్టీ బిగించకపోయినా అదే జరిమానా. వెనక కూర్చున్నవాళ్లకీ వర్తిస్తుంది. పోలీసు కనబడగానే ట్యాంకు మీది హెల్మెట్ నెత్తిన బోర్లించుకునే మన విద్య అక్కడ పనిచేయదు.

ఫ్రీ లెఫ్ట్ అలవాటు, ఎర్ర లైటు

వియత్నాంలో బండ్లు కుడివైపు నడుస్తాయి. మన దగ్గర సిగ్నల్ ఎర్రగా ఉన్నా చాలా కూడళ్లలో ఎడమకి తిరిగిపోతాం. ఆ అలవాటు అద్దంలో బొమ్మలా తిరగబడి, అక్కడికెళ్లగానే కుడికి తిరగడం ఫ్రీ అనుకుంటాం. కాదు. కుడికి తిరగమని ఆకుపచ్చ బాణమో, బోర్డో ఉంటే తప్ప ఎర్ర లైటు దగ్గర ఆగాల్సిందే. తిరిగితే సిగ్నల్ జంప్ కిందే లెక్క.

ఇది విదేశీయుల సమస్యే అనుకోవద్దు. 2025 జనవరి మొదటి వారాల్లో హో చి మిన్ సిటీ వాళ్లే దీంతో తలపట్టుకున్నారు. జరిమానా భయంతో కుడికి తిరిగే దారి ఖాళీగా ఉన్నా ఎవరూ కదలలేదు, ఫుట్‌పాత్‌ల మీదికి ఎక్కడం మానేశారు, ట్రాఫిక్ జామ్‌లు పెరిగాయి. చివరికి నగర యంత్రాంగం చాలా కూడళ్లలో బైకుల కోసం కుడి బాణం లైట్లు హడావిడిగా పెట్టించింది.

పసుపు లైటు కూడా అక్కడ "త్వరగా దాటేయ్" అన్న సైగ కాదు. గీత దాటేసి ఉంటేనే ముందుకు పోవచ్చు, లేకపోతే ఆగాలి. ఆగకపోతే ఎర్ర లైటు జరిమానాయే.

రాత్రి తాగింది పొద్దున లెక్కలోకి వస్తుందా

వస్తుంది. మన మోటారు వాహనాల చట్టం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల వరకు వదిలేస్తుంది. వియత్నాంలో పరిమితి సున్నా. ఏ కాస్త కనబడినా మొదటి మెట్టు జరిమానా, బైక్‌కి 20 నుంచి 30 లక్షల డాంగ్. 50 మిల్లీగ్రాములు దాటితే 60 నుంచి 80 లక్షలు, 80 దాటితే 80 లక్షల నుంచి కోటి. పరీక్షకు ఒప్పుకోకపోతే నేరుగా పై మెట్టే.

దీని మీద అక్కడ పెద్ద చర్చే జరిగింది. 2024లో చట్టం జాతీయ అసెంబ్లీకి వచ్చినప్పుడు కొందరు సభ్యులు కొంత పరిమితి ఉండాలని వాదించారు. పెళ్లికో, కర్మకో వెళ్లి రాత్రి తాగి, పడుకుని, పొద్దున పనికెళ్లేవాడిని తాగి నడిపేవాడితో ఒకే గాట కట్టడం అన్యాయమన్నది వాళ్ల మాట. "ఒక్క గ్లాసే" అన్న వెసులుబాటు ఇస్తే అది ఒక్క గ్లాసు దగ్గర ఆగదన్నది అటువైపు మాట. చివరికి సున్నాయే నెగ్గింది. నా మటుకు పొద్దున్న మిగులు సంగతిలో మొదటి వాదనకు కొంత బలం ఉందనే అనిపిస్తుంది, కానీ హనోయ్ పాతబస్తీలో రాత్రి పది గంటలకి బీరు బల్లల మధ్య నుంచి దూసుకొచ్చే బండ్లను చూసినవాళ్లకి రెండో వాదన వివరించాల్సిన పని లేదు.

మూడు లెక్కలు

అంకెలు విడివిడిగా చూస్తే ఫరవాలేదనిపిస్తుంది. కలిస్తేనే బరువు తెలుస్తుంది, ఎందుకంటే ఒకేసారి దొరికిన ప్రతి తప్పుకీ విడిగా వేస్తారు.

మొదటిది. మన హైదరాబాద్ అన్న డా నాంగ్‌లో 125 సీసీ స్కూటర్ మీద ఎర్ర లైటు దగ్గర కుడికి తిరిగాడు. సిగ్నల్‌కి మధ్య అంకె 50 లక్షలు. 125 సీసీ వరకు లైసెన్స్ లేకుండా నడిపితే 20 నుంచి 40 లక్షలు, మధ్య అంకె 30. మొత్తం 80 లక్షల డాంగ్, దాదాపు 26,700 రూపాయలు. అందులో పదివేలు కేవలం ఐడీపీ రకం తేడా వల్ల వచ్చింది.

రెండోది. అదే మనిషి తప్పేమీ చేయలేదు, మామూలు తనిఖీలో ఆపారు, కానీ రాత్రి తాగిన బీరు మీటర్‌లో కొద్దిగా కనబడింది. మద్యానికి 25 లక్షలు, లైసెన్స్‌కి 30, కలిపి 55 లక్షలు. పద్దెనిమిది వేల పైన.

మూడోది. బండి 150 సీసీ, కొండల్లో బాగుంటుందని తీసుకున్నాడు. 125 దాటితే లైసెన్స్ లేనందుకు జరిమానా 60 నుంచి 80 లక్షలు. ఇంకే తప్పూ లేకుండానే మధ్య అంకె 70 లక్షలు, ఇరవై మూడు వేల రూపాయల పైమాటే. ఇరవై అయిదు సీసీల తేడాకి జరిమానా రెట్టింపు దాటిపోయింది.

ఇందులో షాపు యజమాని వాటా కలపలేదు. అర్హత లేనివాడికి బండి ఇచ్చినందుకు వ్యక్తికైతే 80 లక్షల నుంచి కోటి డాంగ్, సంస్థకైతే దానికి రెట్టింపు పడుతుంది. "నో ప్రాబ్లమ్, నో పోలీస్" అని తాళాలు చేతిలో పెట్టే షాపతను ఈ సొమ్మును తర్వాత ఎవరి దగ్గర వసూలు చేయాలని చూస్తాడో ఊహించుకోవచ్చు, ముఖ్యంగా పూచీకత్తుగా పాస్‌పోర్ట్ అతని సొరుగులో ఉన్నప్పుడు.

ఆపాక ఏం జరుగుతుంది

చిన్న జరిమానాలకు అక్కడికక్కడే రాసి ఇచ్చే పద్ధతి ఉంది. పైన చెప్పిన పెద్ద జరిమానాలకి అలా కుదరదు. పోలీసు ఒక నివేదిక రాస్తాడు, దాన్ని బియెన్ బాన్ అంటారు, మన సంతకం తీసుకుంటారు. తర్వాత జరిమానా ఉత్తర్వు వస్తుంది, డబ్బు బ్యాంకులోనో ప్రభుత్వ పోర్టల్‌లోనో కట్టాలి, పోలీసు చేతికి కాదు. లైసెన్స్ లేకపోవడం, మద్యం లాంటి వాటికి ఉత్తర్వు రాకముందే బండిని ఏడు పనిదినాల వరకు పట్టి ఉంచే అధికారం ఉంది. ఆ రోజులన్నీ షాపువాడు అద్దె లెక్కేస్తూనే ఉంటాడు.

కట్టడానికి పది రోజుల గడువు ఉంటుంది. మనకి చలాన్లంటే మరీ అంత భయం ఉండదు కదా, తెలంగాణలో 2022లోను, మళ్లీ 2023 చివర్లోను పెండింగ్ చలాన్ల మీద భారీ తగ్గింపులు ఇచ్చాక "ఆఫర్ వస్తుందిలే" అని దాచిపెట్టుకునేవాళ్లు కూడా తయారయ్యారు. వియత్నాంలో గడువు దాటితే రోజుకి 0.05 శాతం చొప్పున పెరుగుతుంది. అది పెద్ద విషయం కాదు, పెద్ద విషయం ఇంకోటి. జరిమానా ఉత్తర్వు అమలు కావాల్సి ఉన్న విదేశీయుడిని దేశం దాటకుండా తాత్కాలికంగా ఆపడానికి వాళ్ల వలస చట్టంలో వీలుంది. ప్రతి హెల్మెట్ జరిమానాకీ ఎయిర్‌పోర్టులో ఆపేస్తారని కాదు, కానీ ఎగ్గొట్టి వెళ్లిపోవచ్చన్న ధీమాకి చట్టంలో చోటు లేదు.

అసలు ప్రమాదం జరిమానా కాదు

ఇంతవరకూ చెప్పిందంతా డబ్బు, అదీ సెలవుల ఖర్చులో సర్దుకోగలిగినదే. లైసెన్స్ చెల్లకపోవడం అసలు దెబ్బ కొట్టేది ప్రమాదం జరిగినప్పుడు.

వియత్నాంలో ప్రతి బండికీ థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ తప్పనిసరి. మోటార్‌సైకిల్‌కి ఏడాదికి 60 వేల డాంగ్ ప్రీమియం, అంటే రెండు వందల రూపాయలు. దాంతో ఎదుటి మనిషికి గాయమైనా, చనిపోయినా మనిషికి 15 కోట్ల డాంగ్ వరకు, అంటే సుమారు అయిదు లక్షల రూపాయల పరిహారం ఇన్సూరెన్స్ నుంచి వస్తుంది. కానీ నడిపేవాడికి లైసెన్స్ లేకపోతే అది వర్తించదని నిబంధనల్లోనే ఉంది. ఆ భారం నడిపినవాడి మీద పడుతుంది. మనం ఇక్కడ తీసుకున్న ట్రావెల్ ఇన్సూరెన్స్‌లో కూడా బైక్ నడపడం గురించి విడిగా షరతులు ఉంటాయి, వెళ్లిన దేశంలో చెల్లే లైసెన్స్ ఉండాలన్నది వాటిలో తరచూ కనబడేది. కాలు విరిగి హో చి మిన్ సిటీ ప్రైవేటు ఆసుపత్రిలో చేరినవాడికి ఆ వాక్యం విలువ అప్పుడు తెలుస్తుంది.

ఆ పైన క్రిమినల్ కేసు. ప్రమాదంలో ఒకరు చనిపోయి, తప్పు నడిపినవాడిదని తేలితే, శిక్షా స్మృతి 260వ అధికరణ కింద జరిమానా నుంచి అయిదేళ్ల జైలు దాకా వేయొచ్చు. అదే ప్రమాదం లైసెన్స్ లేకుండా చేస్తే శిక్ష మూడేళ్ల దగ్గర మొదలై పదేళ్ల దాకా పోతుంది. ముందు చెప్పిన హైదరాబాద్ అన్నకి ఇరవయ్యేళ్ల అనుభవం ఉండొచ్చు, బ్యాగులో ఐడీపీ ఉండొచ్చు. చట్టం ముందు అతను రెండో గడిలోనే పడతాడు. పదివేల రూపాయల జరిమానా తెచ్చిపెట్టిన ఆ తేడాయే ఇక్కడ ఏళ్లలోకి మారుతుంది.

మరి "ఎవడూ ఆపలేదు" అన్న మాట?

అది కూడా అబద్ధం కాదు. ఏడు కోట్లకు పైగా మోటార్‌సైకిళ్లు ఉన్న దేశంలో ఏ పోలీసైనా అందరినీ ఆపలేడు. భాష రాదు, నివేదిక రాయడం పెద్ద పని, విదేశీయుడు కనబడితే చెయ్యూపి పంపేసిన సందర్భాలు చాలామందికి ఎదురయ్యాయి. కాస్తో కూస్తో చేతిలో పెట్టి బయటపడ్డామని చెప్పేవాళ్లూ ఉన్నారు. అయితే తనిఖీ తక్కువగా ఉండటం వేరు, చట్టబద్ధం కావడం వేరు. ఆపనంతకాలం ఇన్సూరెన్స్ సంగతి ఎవరికీ గుర్తుకు రాదు, గుర్తొచ్చే రోజు పోలీసుకి చెయ్యూపి పంపే వీలుండదు.

జరిమానాలు ఇంత ఉండటం న్యాయమేనా అన్నది వియత్నాం వాళ్లలోనే తెగని చర్చ. డిక్రీ వచ్చేనాటికి హనోయ్, హో చి మిన్ లాంటి ఖరీదైన ప్రాంతాల్లో కనీస నెల వేతనం 49.6 లక్షల డాంగ్. సిగ్నల్ జంప్ మధ్య అంకె 50 లక్షలు. అంటే ఒక్క ఎర్ర లైటుకి నెల జీతం పోతుంది. యాప్‌ల మీద సరుకులు, మనుషుల్ని చేరవేసే బైకువాళ్లు దీని మీద మొత్తుకున్నారు. పైగా తప్పును ఫొటో తీసి పంపినవాళ్లకి జరిమానాలో పది శాతం వరకు, ఒక్కో కేసుకి 50 లక్షల డాంగ్ మించకుండా ఇవ్వొచ్చని ఇంకో డిక్రీ రావడంతో పక్కవాడే కెమెరా పట్టుకుంటాడన్న గోల మొదలైంది. అటువైపు వాళ్లు కూడళ్లను చూపిస్తారు. ఏళ్ల తరబడి ఫుట్‌పాత్ ఎక్కిన బండ్లు ఒక్క నెలలో దిగిపోయాయి, పోలీసు శాఖ ప్రమాదాలు తగ్గాయంటోంది, పాత జరిమానాలతో ఇది ఎన్నడూ జరగలేదు కదా అని. రెండు పక్షాలూ చెబుతున్నది కళ్లముందు కనబడేదే.

కొండల్లో పోతే, ఎక్కువ కాలం ఉంటే

ఉత్తరాన చైనా సరిహద్దు దగ్గరి హా జాంగ్ లూప్ అనే కొండదారి కోసమే బైక్ గురించి అడిగేవాళ్లు చాలామంది. 2025 జులైలో ప్రావిన్సులను (అక్కడి రాష్ట్రాలను) కలిపినప్పుడు హా జాంగ్ ప్రావిన్స్ తువెన్ క్వాంగ్‌లో కలిసిపోయింది గానీ లూప్ పేరు మారలేదు. దాదాపు 350 కిలోమీటర్లు, మా పి లెంగ్ కనుమ దగ్గర ఒకవైపు సున్నపురాయి గోడ, ఇంకోవైపు అడుగున పచ్చగా కనబడే న్యో క్వే నది. విదేశీయుల లైసెన్స్ తనిఖీలకు బాగా పేరుపడ్డ దారి కూడా ఇదే. అందుకే అక్కడ "ఈజీ రైడర్" పద్ధతి అంత పెద్ద వ్యాపారమైంది. స్థానికుడు నడుపుతాడు, మనం వెనక కూర్చుంటాం. అలా కూర్చున్నవాడికి ఐడీపీ ఏ ఏడాదిదో ఎవరికీ అవసరం లేదు, హెల్మెట్ పట్టీ బిగించి ఉంటే చాలు.

ఉద్యోగానికో, చదువుకో వెళ్లి మూడు నెలలు, ఆపైన ఉండేవాళ్లకి దారి వేరు. మన అసలు లైసెన్స్‌ని వియత్నాం లైసెన్స్‌గా మార్చుకోవడానికి దరఖాస్తు పెట్టొచ్చు, ఇందులో ఐడీపీ ఊసే ఉండదు. దానికి మన లైసెన్స్‌ని వియత్నామీస్‌లోకి అనువదించి ధ్రువీకరణ చేయించాలి, ఉండటానికి అనుమతి కాగితాలు చూపాలి. మన కార్డు మీద మోటార్‌సైకిల్ ఉంటేనే అక్కడా మోటార్‌సైకిల్ వస్తుంది. 2025 మార్చి 1 వరకు ఈ పని రవాణా శాఖ చూసేది, అప్పటి నుంచి పోలీసు శాఖ చేతికి వెళ్లింది, కాబట్టి పాత చిరునామాలు పట్టుకుని తిరిగితే కాళ్లు నొప్పే మిగులుతుంది.